సాధుస్మరణము: అగస్టీను మహాశయుని చరిత్రము

సత్పురుషులను స్మరించు ఆచారము లేని మతము లోకములో అరుదు. కాని స్మరణమనగా నేమి? గతించినవారి సమాధులకడ దీపములు వెలిగించుటయు, భోజ్యపదార్థములను తెచ్చి పంచుటయు, వారి యెముకలను తాకి కన్నుల కద్దుకొనుటయు స్మరణమగునా? లేక వారి నడవడి మన మనస్సున నాటుకొని మన నడవడిని మార్చుట స్మరణమగునా? క్రైస్తవ సంఘములో ఈ ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. పదునాఱు వందల యేండ్లకు పైబడిన కాలమున ఉత్తరాఫ్రికాలో జన్మించిన యొక మహాశయుని జీవితమునందు ఈ ప్రశ్న అడుగడుగునను ఎదురగుచు వచ్చెను. హతసాక్షి సమాధి యొకటి అతడు చేసిన మోసమునకు తావయ్యెను. ఎన్నడును కన్నులార చూడని యొక సాధువుని కథ అతనిని మార్చివేసెను. మరణశయ్యపై నున్న తల్లి కోరిన చిన్న కోరిక అతని వార్ధక్యము వరకును వెంట నంటియుండెను. అతడే అగస్టీను. అతని చరిత్రమును ఈ దృష్టితో ఇచ్చట సంగ్రహముగా తెలిపెదము.

అగస్టీను క్రీస్తుశకము 354 వ సంవత్సరము నవంబరు 13 వ తేదీని తగాస్తె యను చిన్న పట్టణమున జన్మించెను. ఇప్పుడు అల్జీరియా దేశమునందు సూకహ్రాసు అని పిలువబడు పట్టణమే యది. ఆ కాలమున ఆ దేశము రోమక సామ్రాజ్యములో చేరియుండెను. తండ్రియైన పట్రీషియసు కొలదిపాటి భూవసతి గలవాడు, పూర్వదేవతల నారాధించువాడు, మంచి మనస్సు గలవాడైనను ముక్కోపి. తల్లి మోనికా క్రైస్తవ భక్తురాలు. ఆమె భర్త కోపమును కోపముతో నెదుర్కొనక ఓర్పుతో జయించి, అతని యవసానకాలమునకు అతనిని తన విశ్వాసములోనికి తెచ్చుకొన్నది. ఆమెకు అగస్టీను గాక నావీజియసు అను మరియొక కుమారుడును, ఒక కుమార్తెయు గలరు.

ఆ దేశపు క్రైస్తవులకు హతసాక్షులయెడ గల భక్తి యింతయంతయని చెప్పరాదు. క్రీ. శ. 203 లో కార్తేజి నగరమున పాలు త్రాగు బిడ్డ గల పెర్పెతువయు, చెరసాలలో ప్రసవించిన దాసి ఫెలిసిటయు క్రూరమృగములకు వేయబడి ప్రాణములు విడిచిరి. 258 లో ఆ నగరపు బిషప్పు సిప్రియాను శిరచ్ఛేదము నొందెను. ఇట్టివారు మరణించిన దినములను వారి జన్మదినములని పేర్కొని, ఏటేట ప్రజలు సమాధులకడ కూడుచుండిరి. గంజి, రొట్టె, ద్రాక్షారసము గంపలలో తెచ్చి, తాము కొంత రుచిచూచి మిగిలినవారికి పంచిపెట్టుచుండిరి. మోనికాయు అట్లే చేయుచుండెను. అయితే ఆమె ఒక చిన్న పాత్రలో నీరు కలిపిన రసము మాత్రము తీసికొనిపోయి, ఎన్ని సమాధులు దర్శించినను ఆ యొక్క పాత్రనే కొంచెము కొంచెముగా అందఱితో పంచుకొనెడిది. ఆమె కోరినది భక్తియే కాని పానము కాదు. అందఱును ఆమెవంటివారు కారు. పలువురకు ఆ దినములు తాగి తందనాలాడు దినములయ్యెను.

అగస్టీను బుద్ధిశాలి యగుటచే తలిదండ్రులు అతని విద్యపై పెద్ద యాశలు పెట్టుకొనిరి. మదౌరా పట్టణమున కొంతకాలము చదివిన పిమ్మట, ధనము చాలక అతని పదునాఱవ యేట ఒక సంవత్సరము ఇంటనే యుండవలసి వచ్చెను. ఆ సోమరికాలమున చెలికాండ్రతో గూడి రాత్రివేళ పొరుగువారి తోటలోని పియరు పండ్లను దొంగిలించి పందులకు వేసెను. ఆకలికై కాక దొంగతనమునందలి సంతోషమునకే ఆ పని చేసితినని తలచుకొని ముదిరిన వయసున అతడు మిక్కిలి సిగ్గుపడెను. తరువాత రొమానియానసు అను ధనికుని సాయముతో కార్తేజి చేరి అలంకారశాస్త్రము నభ్యసించెను. ఆ కాలముననే తండ్రి మరణించెను. అచ్చట అతడు ఒక స్త్రీతో వివాహము లేకయే కాపురము చేయసాగెను. వారికొక కుమారుడు కలిగెను. వానికి అడియోడాటసు అని పేరు పెట్టిరి. దేవుడిచ్చినవాడని ఆ పేరున కర్థము.

పందొమ్మిదవ యేట సిసెరో రచించిన యొక తత్త్వగ్రంథము చదువగా అతని హృదయమున సత్యమునకై తృష్ణ పుట్టెను. కాని బైబిలు గ్రంథపు శైలి అతని పాండిత్యమునకు మోటుగా తోచెను. వెలుగు చీకట్లను రెండు సమానశక్తులు లోకమున పోరాడుచున్నవని బోధించు మానికేయుల మతమున చేరి, తొమ్మిది సంవత్సరముల కాలము వారి వెంట తిరిగెను. తల్లి కుమారునికై కన్నీరు కార్చుచు నిత్యము ప్రార్థించుచుండెను. అతడు గురువై శిష్యులను చేర్చుకొని, కీర్తికొఱకు పోటీలలో పాల్గొనుచు కాలము గడపెను.

383 వ సంవత్సరమున అగస్టీను రోమునగరమునకు పోవ నిశ్చయించుకొనెను. తల్లి అతనిని విడువక రేవువరకు వెంబడించి, తానైనను కూడ వచ్చెదను, లేదా నీవైనను నిలిచిపొమ్మని పట్టుపట్టెను. అతడు ఒక స్నేహితునికి వీడ్కోలు చెప్పుటకై గాలి అనుకూలించువరకు ఓడకడ వేచియుండెదనని అబద్ధమాడి, ఆ రాత్రికి సమీపముననున్న సిప్రియాను స్మారకమందిరమున విశ్రమింపుమని ఆమెను ఒప్పించెను. ఆమె అచ్చట మోకరించి కుమారుని ప్రయాణము నాపుమని కన్నీటితో ప్రార్థించుచుండగా, ఓడ తెరచాప లెత్తి సముద్రములోనికి సాగిపోయెను. తెల్లవాఱినంతనే ఆమె తీరమునకు వచ్చి శోకించెను. హతసాక్షి మందిరములో ఆమె చేసిన ప్రార్థన ఆ రాత్రి వ్యర్థమైనట్లే కనబడెను. కాని ఆమె నిజముగా కోరినది కుమారుడు తనయొద్ద నుండుట కాదు, కుమారుడు దేవునియొద్ద నుండుటయని అగస్టీను ఏండ్లు గడచిన తరువాత గ్రహించెను.

రోమునందు ఒక సంవత్సరము గడపి, 384 లో అగస్టీను మిలాను నగరమున అలంకారశాస్త్రోపాధ్యాయుడుగా నియమింపబడెను. చక్రవర్తి ఆస్థానము ఆ నగరముననే యుండెను. ఆంబ్రోసు అక్కడి బిషప్పు. మొదట ఆయన వాగ్ధాటిని పరీక్షించుటకు పోయిన అగస్టీను క్రమముగా ఆయన బోధయందలి యర్థమునకును వశుడగుచు వచ్చెను. 385 లో మోనికా సముద్రము దాటి కుమారుని చేరుకొనెను. ఆమె అలవాటుచొప్పున గంజియు రొట్టెయు ద్రాక్షారసమును తీసికొని హతసాక్షుల సమాధులకు పోగా, ద్వారపాలకుడు అడ్డగించి, బిషప్పుగారు దీనిని నిషేధించిరని చెప్పెను. ఈ యాచారము త్రాగుబోతులకు ఆస్కార మిచ్చుచున్నదనియు, రోమకులు తమ పితరుల సమాధులకడ జరుపు తద్దినములను పోలియున్నదనియు ఆంబ్రోసు అభిప్రాయము.

చిన్ననాటినుండి ఆచరించిన భక్తికార్యమును ఒక్కమాటతో మానుకొనుట ఎవరికిని సులభము కాదు. మోనికా వాదింపలేదు, సణుగలేదు. గంప ఇంట విడిచి, నాటినుండి ప్రార్థనతో నిండిన హృదయమును మాత్రము సమాధులకడకు తీసికొనిపోయెను. పంచదలచిన యాహారమును పేదలకిచ్చెను. నిషేధించినవారు ఆంబ్రోసు గాక మరియొకరైయుండినచో ఆమె అంత సులభముగా లోబడియుండదేమోయని అగస్టీను నిర్మొగమాటముగా వ్రాసెను. ఏలయనగా కుమారుని రక్షణమునకై ఆమె ఆయనను అత్యధికముగా ప్రేమించెను. ఆచారమును విడుచుటచే ఆమె సాధువులకు దూరము కాలేదు. పేదల ద్వారమున వారికి మరింత దగ్గరయయ్యెను.

ఈ సందర్భమున ఒక విషాదమును దాచిపెట్టరాదు. కుమారునికి తగిన వివాహము చేయవలెనని మోనికా యత్నింపగా, ఒక బాలికతో సంబంధము నిశ్చయమయ్యెను. అందులకై, పదునాలుగు పదునైదేండ్లు అతనితో కాపురము చేసి బిడ్డను గన్న స్త్రీని ఆఫ్రికాకు పంపివేసిరి. ఆమె మరియొక పురుషుని ఎఱుగనని వ్రతము పూని, కొడుకును తండ్రియొద్ద విడిచి వెడలిపోయెను. తన గుండె చీలి రక్తము స్రవించినట్లుండెనని అగస్టీను చెప్పుకొనెను గాని, ఆమె పేరైనను వ్రాయలేదు. అతడే యింతలో మరియొక స్త్రీని చేరదీసెను. సంఘము హతసాక్షుల పేర్లను వరుసగా చదువు ఆ కాలముననే, ఈ యిల్లాలి పేరు ఏ చదువరికిని అందకుండ పోయెను. సాధువుల చరిత్రము వ్రాయునపుడు వారి దోషములను కప్పిపుచ్చుట సాధుస్మరణము కాదు. అగస్టీను సయితము తన దోషములను కప్పిపుచ్చలేదు.

386 వ సంవత్సరము జూను నెలలో మిలానునందు గొప్ప సంచలనము కలిగెను. ఆంబ్రోసు గర్వాసియసు, ప్రొటాసియసు అను ఇరువురు హతసాక్షుల దేహములను త్రవ్వించి తీసి, ఉత్సవముతో క్రొత్త దేవాలయమునకు చేర్చెను. ఒక గ్రుడ్డివానికి చూపు వచ్చెనని నగరమంతయు చెప్పుకొనెను. అగస్టీను ఆ నగరముననే యుండెను. అయినను ఆ యెముకలు అతనిని కదలింపలేదు. అప్పటికి తాను దేవునివెంట పరుగెత్తలేదని తరువాత తానే ఒప్పుకొనెను. అతనిని కదలించినది వేఱు.

ముందుగా సింప్లిషియాను అను వృద్ధుడు అతనికి విక్టోరైనసు కథ చెప్పెను. విక్టోరైనసు రోమునగరమున అలంకారశాస్త్రమునందు మహాపండితుడు. ప్రతిష్ఠకై బహిరంగమున అతని శిలావిగ్రహమును నిలిపిరి. వృద్ధాప్యమున అతడు క్రీస్తును నమ్మెను. గొప్పవారి మొగమాటము చూచి రహస్యముగా ఒప్పుకొనుటకు అవకాశ మిచ్చినను త్రోసివేసి, జనులందఱి యెదుట నిలిచి తన విశ్వాసమును ప్రకటించెను. ఇది విన్న క్షణముననే అతనిని అనుకరింపవలెనను కోరిక అగస్టీను మనస్సున రగిలెను. కాని పాత యలవాటులు ఇనుపగొలుసువలె వెనుకకు లాగెను.

కొలది దినములకు పొంటీషియానసు అను స్వదేశీయుడొకడు, చక్రవర్తి కొలువున ఉద్యోగి, అగస్టీనును అతని మిత్రుడగు అలీపియసును చూడవచ్చెను. జూదపు బల్లపైనున్న పుస్తకమును తీసిచూడగా అది పౌలు పత్రికల గ్రంథమని తెలిసి ఆశ్చర్యపడెను. సంభాషణలో ఐగుప్తుదేశపు సాధువగు అంతోని ప్రస్తావన వచ్చెను. మిత్రు లిరువురును ఆ పేరైనను వినలేదు. అంతోని 356 లోనే, అనగా అగస్టీను పసివాడుగా నున్నపుడే, దేహము చాలించెను. యౌవనమున నొకనాడు దేవాలయములో సువార్త చదువబడుచుండగా, కలిగినదెల్ల అమ్మి బీదలకిమ్మను ప్రభువు ఆజ్ఞ తన్ను ఉద్దేశించినదేయని తలచి, ఆస్తి విడిచి తపస్సునకు పోయినవాడతడు. అతని చరిత్రమును అథనాసియసు వ్రాసెను. ట్రీరు నగరమున రాజోద్యోగు లిరువురు షికారు పోయి, ఒక గుడిసెలో ఆ పుస్తకము దొరకగా చదివి, అక్కడికక్కడనే కొలువు విడిచి దేవుని సేవకు పూనుకొనిరట. వారికి నిశ్చయమైన కన్యకలును అట్లే తమ జీవితములను దేవునికి సమర్పించిరట.

పొంటీషియానసు చెప్పుచుండగా అగస్టీనుకు తన ముఖము తనకే అద్దములో చూపినట్లయ్యెను. అతిథి పోయిన వెంటనే, చదువురానివారు స్వర్గమును చేజిక్కించుకొనుచుండగా పండితులమైన మనము బురదలో పొరలుచున్నామని అలీపియసుతో మొఱపెట్టి, ఇంటి తోటలోనికి పరుగెత్తెను. ఒక అంజూరపు చెట్టు క్రింద పడి బిగ్గరగా ఏడ్చెను. అంతలో ప్రక్క యింటనుండి పిల్లవాడో పిల్లయో పాటగా పాడుచున్నట్లు, తీసి చదువుమనెడి మాట మరల మరల వినవచ్చెను. సువార్తవాక్యమును తన కిచ్చిన ఆజ్ఞగా అంతోని స్వీకరించెనను సంగతి ఆ నిమిషమున అతనికి జ్ఞప్తికి వచ్చెను. లేచి పౌలు గ్రంథమును తెఱచి, కంటబడిన మొదటి వాక్యమును చదివెను. భోగములను విడిచి క్రీస్తును ధరింపుమని బోధించు రోమీయుల పత్రికలోని వాక్యమది. అంతటితో సందేహము తీరెను. అలీపియసు ఆ ప్రక్క వాక్యమును, విశ్వాసమున బలహీనుడైనవానిని చేర్చుకొనుమనుదానిని, తనకే వర్తింపజేసికొనెను. ఇరువురును లోపలికి పోయి మోనికాకు తెలిపిరి. సిప్రియాను మందిరమునందలి కన్నీటికి ఫల మామెకు లభించెను.

చదువరులారా, ఇచ్చట ఒక విషయము గమనింపదగియున్నది. సువార్త అంతోనిని పట్టుకొనెను. అంతోని కథ అథనాసియసు గ్రంథమాయెను. ఆ గ్రంథము ట్రీరునందు ఇరువురు ఉద్యోగులను పట్టుకొనెను. వారి కథ పొంటీషియానసు నోట మిలాను చేరెను. అచ్చట అగస్టీనును, అతని వెనుక అలీపియసును పట్టుకొనెను. వీరిలో నెవరును అంతోని సమాధిని తాకినవారు కారు. ఒకరి విధేయత మరియొకరికి విధేయత నేర్పెను. పరిశుద్ధుల సహవాసమని క్రైస్తవులు తమ విశ్వాసప్రమాణమున చెప్పుకొనుదాని యర్థమును ఈ గొలుసుకంటె సులభముగా తెలుపునది కానరాదు.

387 వ సంవత్సరము ఈస్టరు పండుగ రాత్రి అగస్టీను, అతని కుమారుడు అడియోడాటసు, అలీపియసు, మువ్వురును ఆంబ్రోసుచేత బాప్తిస్మము పొందిరి. స్వదేశమునకు పోవ నిశ్చయించి, రోము సమీపముననున్న ఆస్టియా రేవును చేరిరి. అక్కడ ఒకనాడు తల్లియు కొడుకును లోపలి తోటవైపు కిటికీకి ఆనుకొని నిలిచి, పరిశుద్ధులు అనుభవించు నిత్యజీవ మెట్టిదోయని మాటాడుకొనిరి. మాట సాగినకొలది లోకమును, ఆకాశమును, తమ మనస్సులను సయితము దాటి, ఒక్క క్షణము ఆ జీవమును స్పృశించినట్లు వారికి తోచెను. పిదప నిట్టూర్చి మరల మానవభాషలోనికి దిగివచ్చిరి.

అయిదారు దినములకే మోనికాకు జ్వరము తగిలెను. పూర్వము ఆమె తగాస్తెలో భర్త ప్రక్కనే సమాధిస్థలమును సిద్ధపఱచుకొని, అందుపై మిక్కిలి మక్కువ గలిగియుండెను. ఇప్పుడు నావీజియసు పరదేశమున గాక స్వదేశమున మరణించిన మేలని యనగా, ఆమె అతనిని మందలింపుచూపు చూచి, ఈ దేహమును ఎక్కడనైనను పాతిపెట్టుడు, దానికై చింతింపవలదు, మీరెక్కడనున్నను ప్రభువు బలిపీఠముకడ నన్ను జ్ఞప్తికి తెచ్చుకొనుడు, ఇంతియే నా కోరికయని తెలిపెను. దేవునికి ఏ స్థలమును దూరము కాదనియు, అంత్యదినమున తన్నెచ్చటనుండి లేపవలెనో ఆయన మఱచిపోడనియు అంతకుముందే ఆమె కొందఱితో చెప్పియుండెను. తొమ్మిదవ దినమున, ఏబదియాఱవ యేట, ఆమె పరమపదించెను. అప్పటికి అగస్టీనుకు ముప్పదిమూడవ యేడు. అడియోడాటసు బిగ్గరగా ఏడువగా పెద్దలు వారించిరి. అగస్టీను దుఃఖమును అణచుకొని సమాధి కార్యములన్నియు జరిపి, మఱునాడు మేలుకొని ఆంబ్రోసు రచించిన యొక కీర్తనను తలచుకొన్న పిమ్మట ఏకాంతమున కన్నీరు విడిచెను.

388 లో అతడు ఆఫ్రికా చేరెను. కొలదికాలమునకే అడియోడాటసు యౌవనారంభమున మరణించెను. 391 లో హిప్పో నగరమునకు పోయిన అగస్టీనును జనులు పట్టుకొని బలవంతముగా ఆచార్యపదవికి నిలిపిరి. ఆ నగరమున లియోంటియసు అను హతసాక్షి స్మారకదినమును ఆనందము అను పేర జనులు దేవాలయములోనే తిని త్రాగి గడుపుచుండిరి. 395 లో అగస్టీను దానిని మాన్పింప బూనెను. జనులు సణిగిరి, నిన్నటివరకు లేని పాపము నేడెట్లు వచ్చెనని ప్రశ్నించిరి. హింసలు ముగిసిన పిమ్మట పూర్వపు పండుగలకు అలవాటుపడిన జనసమూహములు సంఘమున చేరుటచే, పెద్దలు కొంతకాలము ఈ బలహీనతను సహించిరనియు, ఇక సహింపనక్కఱలేదనియు అతడు విశదీకరించెను. లేఖనములు చదివి వినిపించి బ్రతిమాలెను. జనులు కన్నీరు కార్చిరి. పండుగనాడు విందుకు బదులు వాక్యపఠనముతోను కీర్తనలతోను కాలము గడచెను. మిలాను ద్వారముకడ తన తల్లి గంప దించిన దృశ్యము ఆనాడు అతని మనస్సున మెదలియుండదని ఎవరనగలరు?

తరువాత అతడు హిప్పోకు బిషప్పై, దాదాపు ముప్పదియైదేండ్లు ఆ పదవి నిర్వహించెను. 397 ప్రాంతమున కన్ఫెషన్సు అను గ్రంథమును రచింప నారంభించెను. దేవుని యెదుట తన దోషములను ఒప్పుకొనుచు ఆయన దయను కొనియాడు గ్రంథమది. అందు తల్లి మరణమును వర్ణించి, ఈ పుటలు చదువువారందఱును బలిపీఠముకడ మోనికాను పట్రీషియసును స్మరింపవలెనని ప్రార్థించెను. తల్లి యొక కొడుకును కోరినదానిని అతడు వేలకొలది చదువరులకు పంచిపెట్టెను.

హతసాక్షుల దినములయందు అతడు చేసిన ప్రసంగములు పెక్కులు నిలిచియున్నవి. పండుగ చేయుట సులభము, అనుకరించుట కష్టము, అనుకరింపని పండుగ వ్యర్థమని వానియందు పలుమాఱు బోధించెను. పెర్పెతువ చెరసాలలో వ్రాసికొన్న వృత్తాంతమును దేవాలయమున ప్రీతితో చదివించినను, అది పరిశుద్ధ లేఖనములలోనిది కాదని వేఱొకచోట స్పష్టపఱచెను. దేవుని పట్టణమను మహాగ్రంథమున, క్రైస్తవులు హతసాక్షులకు ఆలయములు కట్టి బలులర్పించుటలేదనియు, హతసాక్షుల దేవునికే ఆరాధన చెల్లుననియు నిర్ణయించెను. మరణమువలన గాక, ఏ ధర్మమునకై మరణించెనో దానివలననే యొకడు హతసాక్షి యగునని వాదించెను.

ఈ వాదము డొనాటిస్టులు అను ప్రత్యర్థి సంఘమును ఉద్దేశించినది. వారికిని హతసాక్షు లుండిరి, స్మారకదినము లుండిరి. మొదట వారిని వాదముచేతనే మరల్చవలెనని చెప్పిన అగస్టీను, తరువాత రాజదండనము నుపయోగించి లోబఱచుటను సమర్థించెను. అతని వ్రాతలను ఆధారముగా గొని తరువాతి శతాబ్దములలో ఎందఱో మతహింసను సమర్థించిరి. హతసాక్షుల స్మృతిని ప్రేమించినవాడే మనస్సాక్షిపై నిర్బంధమునకు తలయూపుట చూడగా, మహాత్ములను సయితము వివేకముతోనే అనుసరింపవలెనని తెలియుచున్నది.

వృద్ధాప్యమున అతని భావములు కొన్ని మాఱెను. 415 లో పాలస్తీనాలో కనబడినవని చెప్పబడిన స్తెఫను ఎముకలలో కొంతభాగము హిప్పోకు వచ్చెను. అపొస్తలుల కాలమునాటి అద్భుతములు ఇప్పుడు జరుగవని యౌవనమున వ్రాసిన అగస్టీను, ఆ స్మారకముకడ స్వస్థత పొందితిమన్నవారిచే వృత్తాంతములు వ్రాయించి జనులకు వినిపించెను; రెండేండ్లు నిండకయే అవి డెబ్బదికి చేరువయ్యెను. ఈ వృత్తాంతములను చదువరులు ఎట్లు గ్రహించినను, అతడు మహిమను ఎముకలకు గాక దేవునికే ఆరోపించెనని మాత్రము గుర్తింపవలెను.

421 ప్రాంతమున నోలా పట్టణపు బిషప్పు పౌలీనసు అతనికొక ప్రశ్న పంపెను. తల్లులు తమ బిడ్డల దేహములను సాధువుల సమాధుల చెంత పాతిపెట్టించుకొనుచున్నారు. దానివలన మృతులకు మేలు కలుగునా? ఈ ప్రశ్న అగస్టీనునకు పుస్తకపు ప్రశ్న కాదు. అతని తల్లి సముద్రమునకు ఆవల పరాయిమంటిలో నిద్రించుచుండెను. స్థలమువలన మృతులకు ప్రయోజనము లేదనియు, బ్రతికియున్నవారి ప్రేమను ఆ స్థలము మేలుకొలిపి ప్రార్థనకు పురికొల్పుననియు, సమాధికార్యము మానవసహజమగు ప్రేమకు తగినదనియు అతడు ప్రత్యుత్తరము వ్రాసెను. మృతులు కలలో కనబడుదురను మాటను విచారించుచు తన తల్లిని తలచుకొనెను. మృతులకు బ్రతికినవారి వ్యవహారములలో జోక్యము గలదేని, తనతో నుండుటకై భూమిని సముద్రమును దాటివచ్చిన తల్లి ఒక్క రాత్రియైనను తన్ను చూడ రాక మానదనియు, ఆమె రాలేదనియు ఒప్పుకొనెను. తల్లి గతించి ముప్పదినాలుగేండ్లైన పిమ్మట ఒక వృద్ధుడు వ్రాసిన మాట యిది. ఆమె స్వప్నమున రాకున్నను అతని విశ్వాసము చలింపలేదు. ఆమె కోరినది స్వప్నము కాదు, దేవుని యెదుట స్మరణము. దానిని అతడు ఒక దినమైనను మఱచియుండడు.

429 లో వాండలులు ఆఫ్రికాపై దండెత్తిరి. 430 లో హిప్పోను ముట్టడించిరి. అగస్టీను జ్వరపీడితుడై, పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి శయ్యకెదురుగ గోడపై పెట్టించుకొని, కన్నీటితో చదువుకొనుచుండెను. పది దినములు వైద్యులు వచ్చు వేళలయందును ఆహారము తెచ్చు వేళలయందును తప్ప ఎవరిని రానీయక ప్రార్థనలోనే గడపెను. ఆగస్టు 28 వ తేదీని, డెబ్బదియైదేండ్ల వయసున, దేహము విడిచెను. ఆస్తి లేనందున మరణశాసనము వ్రాయలేదని అతని మిత్రుడు పొసీడియసు తెలిపెను. గ్రంథములు మాత్రము నిలిచెను.

1945 లో ఆస్టియాలో నేల త్రవ్వుచుండగా, మోనికా సమాధిపై చెక్కించిన చలువరాతి పలకలో ఒక ముక్క బయల్పడెను. అక్షరములు సగము విఱిగిపోయినవి. ఆమె దేహమును అంతకు శతాబ్దములకు ముందే, 1430 లో, రోమునకు చేర్చియుండిరి. రోమను కతోలిక సంఘము 1969 లో తన పంచాంగమును సవరించినపుడు తల్లి దినమును ఆగస్టు 27 గా నిర్ణయించి, కుమారుని దినమునకు ముందు నిలిపెను. రాయి విఱిగినను, దేహము తావు మాఱినను, ఒక కొడుకు వ్రాసిన పుటలు ఆమె కోరికను నేటికిని చెల్లించుచున్నవి.

ప్రియ చదువరులారా, సాధువులు మనకు దూరస్థులని తలపకుడు. వారి సమాధులు దూరముగా నుండవచ్చును. వారి కాలము గడచిపోయి యుండవచ్చును. కలలో సయితము వారు కనబడకపోవచ్చును. దేవునికి ఏ స్థలమును దూరము కాదని నమ్మిన మోనికాకు ఆస్టియాయు తగాస్తెయు నొక్కటే యయ్యెను. ఆ దేవుని సన్నిధిని నిలిచి వారి విధేయతను తలచి, నేడు మనము చేయవలసిన యొక్క పనిని చేయ బూనితిమేని, అదియే వారితో మనకు గలుగు సహవాసము. మోనికా గంప దించినది, చేయి మాత్రము ముడుచుకొనలేదు. ఆ చేతితోనే పేదలకు అన్నము పెట్టినది. మన స్మరణమును అట్టిదగుగాక.